బఫర్ ఓవర్‌ఫ్లో: వెబ్ సర్వర్లలో భద్రతా లోపం

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఏమిటో, అది సర్వర్‌ను ఎలా పరాధీనం చేస్తుందో, దాన్ని ఎలా నివారించాలో వివరించగలుగుతారు.

పరిచయం
బ్రౌజర్ పంపే ప్రతి అభ్యర్థనా కొన్ని బైట్ల వరుస. దాన్ని ఉంచుకోవడానికి వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ మెమరీలో కేటాయించుకునే చోటే బఫర్. వచ్చిన సమాచారం అందులో పట్టక పక్క మెమరీని చెరిపివేస్తే అది బఫర్ ఓవర్‌ఫ్లో.

ఉదాహరణ
ఒక ఆన్‌లైన్ దరఖాస్తులో ఊరి పేరుకు 16 బైట్ల బఫర్ ఉందనుకోండి. ఇంగ్లీషు లిపిలో అక్షరానికి ఒక బైటు. అశ్వారావుపేట అని రాస్తే 12 బైట్లకు మించదు. ముగింపు గుర్తుకు మరొకటి కలిపినా సరిపోతుంది.

అదే పేరును తెలుగులో టైపు చేయండి. చూపుకు ఆరక్షరాలే. కాని యూనికోడ్‌లో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేటికవే లెక్క, మొత్తం 12. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు. అంటే 36, ముగింపు గుర్తుతో 37. ఇందులో 21 బైట్లు బఫర్ దాటిపోతాయి. సి భాషలో స్ట్రింగులను నకలు చేసే సాధారణ ఫంక్షన్ ఈ పొడవును చూడదు. ఆపకుండా రాసుకుంటూ పోతుంది.

ప్రమాదం ఎక్కడుంది?
ఫంక్షన్ పని ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో తెలిపే చిరునామా కూడా స్టాక్‌లో బఫర్‌కు దగ్గరలోనే ఉంటుంది. మామూలు పేరు దాన్ని చెరిపితే సాధారణంగా ప్రోగ్రామ్ ఆగిపోతుంది. దాడి చేసే వ్యక్తి తాను పంపిన కోడ్ చిరునామా సరిగ్గా అక్కడ పడేలా చేస్తే, సర్వర్ ఆ కోడ్‌నే నడుపుతుంది. సమాచారంగా వచ్చింది ఆదేశంగా మారుతుంది.

2001లో ‘కోడ్ రెడ్’ వర్మ్ ఇలాగే మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ వెబ్ సర్వర్లలోకి చొరబడింది. జులై 19న 14 గంటలలోపే 3,59,000కు పైగా కంప్యూటర్లకు సోకింది. ఆ లోపాన్ని సరిదిద్దే ప్యాచ్‌ను కంపెనీ జూన్ 18నే విడుదల చేసిందని గమనించండి. మందు ఉంది, చాలామంది వేయలేదు.

నివారణ
1. పొడవును అక్షరాలలో కాక బైట్లలో లెక్కించాలి. ఈ తనిఖీ సర్వర్‌లోనే జరగాలి. బ్రౌజర్‌లో పెట్టిన హద్దును దాడి చేసేవారు సులువుగా దాటగలరు.
2. హద్దులను తానే పరీక్షించే జావా, రస్ట్ వంటి భాషలను వీలైన చోట వాడాలి.
3. కంపైలర్, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే స్టాక్ రక్షణలను తొలగించరాదు. ఇవి దాడిని కష్టతరం చేస్తాయి కాని లోపాన్ని సరిచేయవు.
4. ప్యాచ్‌లను వాయిదా వేయకుండా అమర్చాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
ఖమ్మం, భద్రాచలం: యూటీఎఫ్-8లో రాసినప్పుడు వీటిలో ఏ పేరు 16 బైట్ల బఫర్‌లో పడుతుంది?

జవాబు: ఖమ్మం (15+1=16). భద్రాచలానికి 24+1=25 బైట్లు కావాలి.