దమ్ములో ట్రాక్టర్ వేడెక్కుతోందా? ఈజీఆర్‌ను మూయించకండి

ఇస్మాయిల్‌ఖాన్‌పేట, సంగారెడ్డి చుట్టుపక్కల రైతులు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "సార్, కొత్త ట్రాక్టర్ వేడెక్కుతోంది, ఈజీఆర్‌కు రేకు పెట్టి మూయించమంటారా?" మూయించవద్దు.

50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. అందుకే చాలా ఇంజిన్లలో ఈజీఆర్ ఉంటోంది. సైలెన్సర్‌లోకి పోయే పొగలో కొంత వెనక్కి తిప్పి, కొత్త గాలితో కలిపి సిలిండర్‌లోకి పంపుతుంది. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మంట వేడి తగ్గి, హాని చేసే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి.

లోపల మంట వేడి తగ్గితే మీటరు ముల్లు పైకెందుకు పోతుంది? వందల డిగ్రీల పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్‌లో తిరిగేది మీ రేడియేటర్ కూలెంటే. ఆ భారమూ రేడియేటర్ మీదే పడుతుంది. పాత బండిలో జాలీకి కొంత గడ్డి పట్టినా నడిచేది, ఇందులో నడవదు. రోటవేటర్, దమ్ము పనులప్పుడు రోజూ, ఇంజిన్ చల్లబడ్డాక, జాలీ తీసి ఫ్యాన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టండి. బోరు నీళ్లు పోయకండి. అందులోని ఉప్పులు కూలర్ సన్నని దారుల్లో పేరుకుంటాయి. మాన్యువల్‌లో చెప్పిన కూలెంటే పోయండి.

ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతూ, తెల్ల పొగ వస్తుంటే కూలర్ లోపల చిల్లు పడి ఉండవచ్చు. హెడ్ గ్యాస్కెట్ పోయినా ఇవే గుర్తులు. రోజూ నీళ్లు పోసి నెట్టుకురావద్దు, సిలిండర్‌లోకి నీరు చేరితే ఇంజినే పోతుంది. నల్ల పొగ, లాగుడు తగ్గడం, స్లోలో ఆగిపోవడం ఉంటే వాల్వ్ మసి పట్టి తెరుచుకునే ఉండిపోయిందేమో చూపించండి. శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. రేకు పెడితే కంప్యూటర్ తప్పు పట్టి ఇంజిన్ బలం తగ్గించవచ్చు, వారంటీ పోవచ్చు, మురికి జాలీ మాత్రం అలాగే ఉంటుంది.

పటాన్‌చెరు కంపెనీలకు మీ పిల్లలు వెళ్లే హైబ్రిడ్ కార్లలోనూ ఇదే ఏర్పాటు. 2009లో వచ్చిన మూడో తరం టయోటా ప్రియస్‌లో చల్లార్చిన ఈజీఆర్ పెట్టారు. పెట్రోల్ ఇంజిన్‌లో అది నాకింగ్‌ను ఆపుతుంది. కానీ హైబ్రిడ్ ఇంజిన్ మాటిమాటికీ ఆగి మొదలవుతుంది, పూర్తిగా వేడెక్కకముందే ఆగితే తేమతో మసి పేరుకుంటుంది. దారులు మూసుకుంటే ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా పొగ అంది, తక్కువ అందినది ఎక్కువ వేడెక్కుతుంది. పాతది కొనేటట్లయితే ఈజీఆర్ కూలర్ ఎప్పుడు శుభ్రం చేయించారో ముందే అడగండి.