గోటితో పోవు పని: మోటారుకారు నీటిపంపు గాస్కెటు

దశరథ మహారాజు యుద్ధము చేయుచుండగా రథచక్రపు కడచీల ఊడిపోయెననియు, ప్రక్కనున్న కైకేయి తన వ్రేలిని ఆ చీల స్థానమున నుంచి రథమును నిలిపెననియు మన పెద్దలు చెప్పుకొను కథ యొకటి కలదు. ఆ కథలోని వరముల సంగతి అందఱు నెఱిగినదే. మేమిచ్చట చెప్పదలచినది కడచీల సంగతి. ఎంత గొప్ప రథమైనను ఒక చిన్న చీల ఆధారమున నడచును. నేటి మోటారు రథమునందును అట్టి చిన్న వస్తువులు పెక్కులు గలవు. వానిలో నొకటి నీటిపంపు గాస్కెటు. మన మేస్త్రీలు దీనిని ప్యాకింగు అందురు. వెల చూడ స్వల్పము, మందము చూడ తాటాకుపాటి. అది చెడిన వెంటనే మార్పించినచో ఒక పూట పని. ఉపేక్షించినచో ఇంజనునకే ముప్పు. గోటితో పోవుదానిని గొడ్డలివఱకు తెచ్చుకొనరాదను సామెత దీనికి చక్కగా సరిపోవును.

"ఇది మగవారి పని, మేస్త్రీల పని, మనకేల?" అని కొందఱు సోదరీమణు లనవచ్చును. కాని తెల్లవాఱుజామున లేచి వాకిలి యూడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేయునది ఎవరు? రాత్రి నిలిపిన కారుక్రింద నేలపై తడి యున్నచో మొదట కనిపెట్టునది ఆ ఇల్లాలే. ఆ తడి యేమో యెఱిగియున్నచో వేలకొలది రూపాయల నష్టమును ఆమెయే తప్పింపగలదు.

మా మెదకు పట్టణమువంటి చోట్ల ఈ యెఱుక మఱింత యవసరము. 1932 లో నిజాము రాష్ట్రమున 27 బస్సులతో ప్రభుత్వపు రోడ్డు రవాణా మొదలైన నాటినుండియు ఈ సీమలో రోడ్డే ప్రధానాధారము. మెదకునకు రైలుబండి వచ్చినది 2022 సెప్టెంబరులోనే. వైద్యమునకైనను, పిల్లల చదువునకైనను, పెండ్లి బట్టలకైనను హైదరాబాదునకు నర్సాపురపు అడవిదారిని సుమారు నూఱు కిలోమీటర్లు పోవలసియుండును. ఎండకాలమున పసిపిల్లలతోడను, వృద్ధులతోడను ఆ దారిలో బండి ఆగిన నెంత యిబ్బందియో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మోటారుబండిలో తొలి దూరప్రయాణము చేసిన వ్యక్తియు స్త్రీయే. జర్మనీదేశమున కార్లు బెంజు నిర్మించిన బండిపై 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజు తన యిద్దఱు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు పైగా పయనించెను. ఆ బండిలో నీటిని తిప్పు పంపు లేదు. ఇంజను వేడికి నీరు ఆవిరియై పోవుచుండగా దారిపొడవున దొరకిన చోటనెల్ల నీరు తెచ్చి పోయుచు పోవలసివచ్చెను. ఇంధనపు గొట్టము పూడినప్పుడు ఆమె తన టోపీసూదితో దానిని బాగుచేసెనట. నేడు మనము అంత శ్రమపడనక్కఱ లేదు. కాని ఇంజనునకు నీరు ప్రాణమను సంగతి మాత్రము నాటికిని నేటికిని ఒక్కటియే.

నీటిపంపు చేయు పని

ఇంజను సిలిండరులో మండు వాయువుల వేడి 2,000 డిగ్రీల సెంటిగ్రేడునకు పైబడును. నేటి ఇంజనులలో మిక్కిలిగా వాడు అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. మఱి ఇంజను కరగక యెట్లు నిలుచుచున్నది? దాని గోడలలో సన్నని కాలువలు గలవు. వానిలో నీరు పాఱుచు వేడిని గ్రహించి, రబ్బరు గొట్టముద్వారా బండి ముందుభాగమున నున్న రేడియేటరును చేరి, అచ్చట గాలికి చల్లబడి మరల ఇంజనులోనికి వచ్చును. ఈ నీటిని ఎడతెగక త్రిప్పునదే నీటిపంపు.

చల్ల చిలుకునప్పుడు కవ్వము తిరుగుకొలది చల్ల కుండ యంచులకు ఎగబ్రాకి, నడుమ గుంటపడుట మనము నిత్యము చూచునదే. పంపులోని రెక్కల చక్రము అట్టి కవ్వమే. నడుమకు వచ్చిన నీటిని అది వేగముగా అంచునకు త్రోయును. అంచుననున్న ద్వారముగుండ ఆ నీరు ఇంజనులోనికి పోవును. పెక్కు కార్లలో ఇంజను త్రిప్పు బెల్టే ఈ కవ్వమును త్రిప్పును.

ఇక గాస్కెటు సంగతి. పంపును ఇంజనునకు బోల్టులతో బిగింతురు. రెండు లోహపు ముఖము లెంత నునుపుగ నున్నను వాని నడుమ కంటికి గానరాని యెగుడుదిగుడు లుండును. వట్టిగా బిగించిన ఆ సందులనుండి నీరు కాఱును. అందుచే ఆ రెంటి నడుమ కాగితపు అట్టతోనో, రబ్బరుతోనో, రబ్బరు పూసిన సన్నని రేకుతోనో చేసిన పొర నుంచుదురు. బిగించినప్పుడు అది నలిగి సందులను పూడ్చును. మన ప్రెషరు కుక్కరు మూతకు రబ్బరు గాస్కెటు లేనిచో ఆవిరి ప్రక్కలనుండి పోయి పప్పు ఉడకదు గదా. ఇదియు నట్టిదే.

కుక్కరు పోలిక ఇంతటితో నాగదు. రేడియేటరు మూతయు లోపలి యొత్తిడిని నిలుపునట్టిదే. వాతావరణపు ఒత్తిడికి మించి ఇంచుమించు అంతే యొత్తిడి లోపల నుండుటచే అందలి నీరు 100 డిగ్రీలకు గాక సుమారు 120 డిగ్రీలకు గాని మరగదు. గాస్కెటు చెడి నీరు కాఱినచో ఆ యొత్తిడి పడిపోవును, నీరును తగ్గును, ఇంజను కాగును. అంతట సిలిండరు హెడ్డు వంగుటయు, దాని క్రిందనున్న పెద్ద గాస్కెటు కాలుటయు సంభవించును. అది గొడ్డలి పని.

గాస్కెటు చెడుటకు కారణములు పెక్కులు. దినదినము కాగి చల్లారుటచే లోహము పెరిగి తరిగి పొర గట్టిపడి పగులును. కాలము మీఱిన కూలెంటు పులిసి లోహమును తినును. వట్టి బోరునీరు పోసినచో, నీరు కాచు పాత్రలో తెల్లని పొర పేరుకొనునట్లే, ఇంజను కాలువలలోను సున్నము పేరుకొనును. బోల్టులను ఒక ప్రక్క ఎక్కువగను, ఒక ప్రక్క తక్కువగను బిగించుటయు కారణమే.

కాఱుటను కనిపెట్టు విధము

కారుక్రింది ప్రతి తడియు భయపడదగినది కాదు. ఎండకాలమున చల్లని గాలి యంత్రమునుండి నీరు కాఱుట సహజము. అది రంగును, వాసనయు లేని స్వచ్ఛమైన నీరు. నల్లగనో గోధుమవన్నెగనో జిడ్డుగ నున్నది నూనె. ఆకుపచ్చగనో, ఎఱ్ఱగనో, నీలముగనో ఉండి తియ్యని వాసన గలది కూలెంటు. సందేహమున్నచో రాత్రి కారుక్రింద ఒక తెల్లని అట్ట పఱచి, తెల్లవాఱినపిదప చూడవలెను. రంగును, చోటును రెండును దానిపై తెలియును.

ఇచ్చట తల్లుల కొక హెచ్చరిక. కూలెంటులో తఱచుగా నుండు ఎథిలీను గ్లైకాలు తియ్యగ నుండును గాని విషము. కుక్కలు, పిల్లులు దానిని నాకి చచ్చిపోవుట కలదు. పసిపిల్లలకును ప్రమాదమే. కనుక తడిని వెంటనే కడిగివేయవలెను. మిగిలిన కూలెంటును త్రాగునీటి సీసాలలో నెన్నడును దాచరాదు.

ఇంజను ప్రక్కనుండు తెల్లని డబ్బాలోని కూలెంటు రెండు గీతల నడుమ నుండవలెను. పలుమాఱు పోసినను అది తగ్గుచున్నచో ఎచ్చటనో కాఱుచున్నదని గ్రహింపవలెను. పంపు అతుకుచుట్టు ఎండిన తెల్లని లేక పచ్చని చాఱలును, బండి నడచుచుండగా వేడిని చూపు ముల్లు పైకి ప్రాకుటయు తక్కిన గుఱుతులు.

అన్ని కాఱుటలకు గాస్కెటే కారణము కాదు. పంపుక్రింద ఒక చిన్న రంధ్ర ముండును. లోపలి ఇరుసుచుట్టునున్న సీలు అరిగినచో నీరు ఆ రంధ్రమునుండి వచ్చును. అప్పుడు గాస్కెటు మార్చి ప్రయోజనము లేదు, పంపునే మార్చవలెను. గత వేసవిలో మా యింటి పాతకారు నీరు కాఱగా, మొదట చూచిన యొక షెడ్డువారు పంపు మొత్తము మార్చవలెననిరి. మఱియొక వృద్ధుడైన మేస్త్రీ టార్చిదీపముతో వెదకి, "అమ్మా, ఇటు చూడుండ్రి. బొక్క పొడిగనే ఉన్నది. తడి అంత అతుకు పొంటి ఉన్నది. ప్యాకింగు పోయింది, పంపు మంచిగనే ఉన్నది" అనెను. చక్రమును చేతితో త్రిప్పి, అది ఊగుటలేదనియు, గరగరమను చప్పుడు లేదనియు చూపెను. పంపు వెల మిగిలినది. కావున సోదరీమణు లెవరైనను డబ్బు చెల్లించుటకు ముందు "తడి రంధ్రమునుండి వచ్చుచున్నదా, అతుకునుండియా? చూపుము" అని యడుగుట మంచిది.

అయితే కొన్ని కార్లలో పంపు టైమింగు బెల్టు వెనుక దాగియుండును. అచ్చటికి చేరుటయే పెద్ద పని. అట్టి బండికి పంపు పాతదైనచో, విప్పినప్పుడే పంపును, బెల్టును కూడ మార్చుట పొదుపు.

మార్చు విధము

మేస్త్రీ చేయు పనిని మనము చూచి తెలిసికొనుటకై ఆ క్రమమును చెప్పుచున్నాము.

ఇంజను పూర్తిగ చల్లారినపిదపనే పని మొదలుపెట్టవలెను. బ్యాటరీ తీగ విప్పి, పళ్లెముంచి కూలెంటును దింపవలెను. బెల్టు వదలుచేసి తీసి, గొట్టములు విప్పి, పానాతో పంపు బోల్టులను తీయవలెను. బోల్టులన్నియు ఒకే పొడవుగ నుండవు. కనుక ఒక అట్టపై పంపు ఆకారము గీచి, ఏ బోల్టు నాచోటనే గ్రుచ్చి యుంచుట తెలివైన పని.

పిమ్మట పాత గాస్కెటు ముక్కలను ఓర్పుతో గీకివేయవలెను. ఈ పనిలో మెలకువ యంతయు నిచ్చటనే యున్నది. ముక్క లేమాత్రము మిగిలినను క్రొత్త గాస్కెటు కాఱును. అల్యూమినియమును ఇనుప ఉలితో గీకినచో గంటుపడి నీటికి దారి యేర్పడును. కఱ్ఱముక్కతోనో ప్లాస్టికు బద్దతోనో గీకవలెను. ముక్కలు ఇంజను కాలువలలో పడకుండ రంధ్రములలో గుడ్డ నుంచి, పిదప మఱవక తీయవలెను.

క్రొత్త గాస్కెటును అతుకుపై ఉంచి రంధ్రములన్నియు సరిపోయినవో లేదో చూడవలెను. జిగురుమందును తయారీదారులు చెప్పినచోటనే పలుచగ పూయవలెను. ఎక్కువైనది లోనికి జాఱి కాలువలను పూడ్చును. బోల్టులను మొదట చేతితో తిప్పి, తరువాత పానాతో ఎదురెదురుగ నున్నవానిని రెండుమూడు విడతలుగ సమముగ బిగింపవలెను. ఎంత బిగింపవలెనో ప్రతి బండికిని నిర్ణయము కలదు. బలమున్నదిగదా యని బిగించినచో గాస్కెటు చిట్లును, లేదా మర తెగును.

చివరకు బండికి తగిన కూలెంటును ఖనిజములు తీసిన శుద్ధజలముతో సాధారణముగ సగపాలు కలిపి పోసి, ఇంజను నడపి, లోపల చిక్కిన గాలిని వెడలింపవలెను. గాలిబుడగ మిగిలిన చోట నీరు చేరక ఇంజను కాగును. మఱునాడు తెల్లవాఱి మరల అట్ట పఱచి చూచినచో పని తీఱిన దనుటకు సాక్ష్యము దొరకును.

దారిలో ఇంజను కాగినచో

శివరాత్రికి ఏడుపాయల జాతరలోనో, క్రిస్మసునాడు చర్చి దారిలోనో బండ్లు నత్తనడక నడచునప్పుడు రేడియేటరునకు ఎదురుగాలి తగలదు. చెడిన గాస్కెటు అప్పుడే బయటపడును. ముల్లు ఎఱ్ఱగీతను సమీపించినచో వెంటనే చల్లని గాలి యంత్రమును ఆపి, బండిని ప్రక్కకు తీసి, ఇంజను నాపవలెను. "ఇంకొక మైలే గదా" యని నడపరాదు. ఇంజనులు చెడునది ఆ యొక్క మైలులోనే.

అన్నిటికంటె ముఖ్యమైనది: కాగియున్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను తెఱవరాదు. ఈల వేయుచున్న కుక్కరు మూతను మనము బలవంతముగ తీయుదుమా? ఇచ్చటను అంతే. 100 డిగ్రీలకు మించిన నీరు మూత తీయగనే ఒక్కసారి ఆవిరియై ముఖముపైకి చిమ్మును. గుడ్డ చుట్టి తీసినను రక్షణ లేదు. భర్తయైనను, కుమారుడైనను తొందరపడి మూతపై చేయి వేసినచో ఆపవలసిన బాధ్యత ప్రక్కనున్న మనదే. కనీసము అరగంట ఆగి, ముట్టిచూడ చల్లబడినపిదపనే మూత తీసి నీరు పోయవలెను. కాలిన ఇంజనుపై చన్నీరు కుమ్మరించినచో లోహము పగులవచ్చును.

గృహిణులు చేయదగిన పని యింతియే. వారమున కొకనాడు ఉదయమున ఇంజను చల్లగ నున్నప్పుడు డబ్బాలోని గీతలను చూడవలెను. పాలలెక్క వ్రాయు పుస్తకమున ఒక పుట కారునకు కేటాయించి, కూలెంటు పోసిన తేదీయు, పరిమాణమును, గాస్కెటు మార్చిన తేదీయు వ్రాసి యుంచవలెను. ఏ నెలలో ఎంత తగ్గినదో ఆ లెక్కయే చెప్పును. దూరప్రయాణమునకు ముందు ఆ పుటను చూచి, సందేహమున్నచో మేస్త్రీని పిలిపించి, ఆ పిదపనే ఊరు కదలవలెను.