ఇంజనుకే బండి కావలసివస్తే... మీకు తెలుసా?

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు. ఇంగ్లండు పల్లెల్లో ఈ సామెతకు ఇనుప సాక్ష్యం ఒకటుంది. దాని పేరు ట్రాక్షన్ ఇంజను. పట్టాలతో పనిలేకుండా రోడ్డు మీదే నడిచే ఆవిరి ఇంజనది. నూర్పిడి యంత్రాన్ని ఊరూరా తిప్పింది, పొలాలు దున్నింది, సంతల్లో రంగులరాట్నాల సామాన్లు లాక్కెళ్లింది. ఇప్పుడది పాత ఇంజన్ల వేసవి సంబరాలకు వెళ్లాలంటే దాన్నే ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. అందుకో ట్రైలర్ కావాలి, అదీ జేబుకు అందే ధరలో. "ఎంతకొస్తుంది?" అని అడిగే ముందు "ఎంత తూగుతుంది?" అని అడగమంటారు పాతకాపులు. ఆ తూకం చుట్టూ చాలా చిత్రాలున్నాయి.

• ఈ సంబరాలు ఒక పందెంలోంచి పుట్టాయి. డీజిల్ ట్రాక్టర్లు వచ్చిపడి, ఆవిరి ఇంజన్లన్నీ పాత ఇనుము కింద పోతున్న రోజులవి. 1950లో ఆపిల్‌ఫర్డ్ అనే ఊళ్లో ఆర్థర్ నాపర్ అనే రైతు తన ‘ఓల్డ్ టైమర్’తోనూ, మైల్స్ చెట్‌విండ్-స్టేపిల్టన్ తన ‘లేడీగ్రోవ్’తోనూ పోటీకి దిగారు. పందెం ఒక చిన్న పీపాడు బీరు, అంటే సుమారు 40 లీటర్లు. నాపర్ గెలిచాడు. మనిషి పరుగెత్తితే దాటిపోగల వేగంతో జరిగే అలాంటి పోటీలను చూడ్డానికి తర్వాతి ఏళ్లలో జనం విరగబడ్డారు. 1954 కల్లా ఈ ఇంజన్ల కోసం జాతీయ స్థాయి క్లబ్బే ఏర్పడింది. అదే 1950లో అట్లాంటిక్ అవతల, అయోవా రాష్ట్రంలోని మౌంట్ ప్లెజెంట్‌లో కూడా పాత నూర్పిడి ఇంజన్ల పండుగ మొదలైంది.

• ఆ ‘ఓల్డ్ టైమర్’ను చేసింది మార్షల్ కంపెనీ. మన టాటాల టెల్కో 1948లో ఆవిరి రోడ్డు రోలర్లు తెచ్చింది కూడా ఆ కంపెనీ సహకారంతోనే. అంటే టాటా లారీ కన్నా టాటా రోలరే పెద్దది వయసులో. ఆర్ అండ్ బీ ఆఫీసు ఆవరణలో తుప్పుపట్టి నిలబడ్డ రోడ్డింజను ఎక్కి ఆడుకున్నవాళ్లకు ఈ చుట్టరికం నచ్చుతుంది.

• అందరి దగ్గరా పది టన్నుల అసలు ఇంజనుండదు. చాలామంది ఇంటి వెనక షెడ్డులో చిన్న ఇంజను కట్టుకుంటారు. దాని సైజును అంగుళాల్లో చెబుతారు. నాలుగంగుళాల ఇంజనంటే, అసలు దానిలో ప్రతి అడుగుకూ ఇందులో నాలుగంగుళాలు ఉన్నట్టు. ఆరంగుళాలదైతే సరిగ్గా సగం. సగం సైజు కాబట్టి బరువూ సగమే అనుకుంటే పొరపాటు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సగమైతే బరువు ఎనిమిదో వంతుకు దిగుతుంది. పది టన్నుల దానికి 1,250 కిలోలన్నమాట. వినడానికి బాగానే ఉంది. కానీ బాయిలరు పలకల్ని ఆ లెక్కలోనే పలచన చేస్తే లోపలి ఒత్తిడికి ఆగవు, కనుక నిజం ఇంజను కాగితం మీద లెక్క కన్నా బరువే ఉంటుంది. కాటా ఎక్కించి చూసుకోవడమే మేలు. ట్రైలర్ కొనడానికి తూకం కావాలి, తూకం వేయించడానికి ట్రైలర్ కావాలి. ఈ చిక్కు వల్లే ఈ లోకంలో స్నేహాలు అంత గట్టిగా ఉంటాయని నా అనుమానం.

• బ్రిటన్‌లో మామూలు కారు లైసెన్సుతో 3,500 కిలోల ట్రైలర్ దాకా లాగొచ్చు. 1997 తర్వాత లైసెన్సు తీసుకున్నవాళ్లు ఇందుకు విడిగా పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది. 2021 డిసెంబరు 16 నుంచి ఆ పరీక్ష తీసేశారు. అయితే మెలికంతా ఆ 3,500లోనే ఉంది. ట్రైలర్ సొంత బరువూ అందులోకే వస్తుంది. ఖాళీ ట్రైలర్ 800 కిలోలుంటే సరుకుకు మిగిలేది 2,700. మూడు టన్నుల ఇంజను కొన్నాయన ఎంత గట్టి ట్రైలర్ చూసినా, చట్టం ప్రకారం దాని మీదకు ఇంజను ఎక్కదు. పైగా లాగే కారు ఎంత లాగగలదో దాని కంపెనీ వేరే చెబుతుంది. రెండింట్లో ఏది తక్కువైతే అదే లెక్క.

• 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. కానీ వాటికి కారులోంచి పెడలూ ఉండదు, తీగా రాదు. కారు వేగం తగ్గగానే వెనకున్న ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకి కొక్కెం దగ్గరి కడ్డీ లోపలికి జారి బ్రేకును నొక్కుతుంది. బరువు ఎంత గట్టిగా తోస్తే బ్రేకు అంత గట్టిగా పడుతుంది. తన దూకుడుకు తనే కళ్లెం వేసుకునే ఏర్పాటు.

• అన్నిటికన్నా చవగ్గా తగ్గే బరువు నీళ్లు. పెద్ద ఇంజను తొట్టిలో 200 గ్యాలన్ల నీళ్లుంటే అవి 900 కిలోలు. కుళాయి తిప్పితే పోయే బరువు కోసం పెద్ద ట్రైలర్ కొనడం దండగ. బొగ్గుకూ ఇదే మాట. వెళ్లే చోట రెండూ దొరుకుతాయి.

• ఆవిరి మీద తనంతట తాను ర్యాంపెక్కే ఇంజను ముందుకే ఎక్కాలి, వెనక్కే దిగాలి. దీని వెనక ప్రాణాలకు సంబంధించిన కారణముంది. మంట మండే పెట్టె ఇంజను వెనక భాగంలో, డ్రైవరు కాళ్ల దగ్గర ఉంటుంది. ఆ పెట్టె కప్పు మీద ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. కింద మంట, పైన నీళ్లు. నీళ్లున్నంత సేపూ ఇనుముకు ఢోకా లేదు. ఇంజను ముక్కు కిందికి వాలిందో, నీళ్లన్నీ పొగగొట్టం వైపు పారి కప్పు ఆరిపోతుంది. కాలి మెత్తబడ్డ కప్పును పైనున్న ఒత్తిడి లోపలికి తొక్కేస్తుంది. దీనికి కాపలాగా కప్పులో సీసం పోసిన ప్లగ్గొకటి బిగిస్తారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, ఇనుము మెత్తబడక ముందే అది కరిగి ఆవిరి మంట మీదికి దూకుతుంది. డ్రైవరుకు అదే హెచ్చరిక.

ఈ కప్పు సంగతి ఎంత తీవ్రమైనదో 2001 జులై 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, మెడీనా సంత మైదానంలో తెలిసింది. నీళ్లు తగ్గి కేస్ అనే కంపెనీ చేసిన ఒక పాత ఇంజను పేలిపోతే ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత పాత బాయిలర్ల తనిఖీకీ, వాటిని నడిపేవాళ్ల లైసెన్సుకూ ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది.

ఇప్పుడు ట్రైలర్ కొనేవాడి ఇరకాటం చూడండి. నీళ్ల కోసమని ముందుకు ఎక్కిస్తే, పెద్ద చక్రాలూ మంట మండే పెట్టె కూడా ఉన్న బరువైన వెనక భాగం ట్రైలర్ తోక వైపు పడుతుంది. తోక బరువెక్కిన ట్రైలర్ కాస్త వేగం అందుకోగానే పాములా మెలికలు తిరుగుతుంది, ఒక్కోసారి కారునూ తిప్పి పడేస్తుంది. అందుకని బరువు ట్రైలర్ ఇరుసు మీదా, కొంచెం దానికి ముందూ పడేలా చూస్తారు. అమెరికాలో మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడాలని లెక్క. దీనికి రెండు దారులున్నాయి. ఇంజనును బాగా ముందుకు జరుపుకునేంత పొడుగు పలక ఉన్న ట్రైలర్ కొనడం ఒకటి. రెండోది చవక దారి: మంట ఆర్పి, పూర్తిగా చల్లారనిచ్చి, తాడు చుట్టుకుంటూ లాగే వించితో లాక్కోవడం. నిప్పు లేనప్పుడు ఎటు తిప్పి ఎక్కించినా నీళ్లతో పేచీ లేదు. ఆ వించి బిగించడానికి ముందు భాగంలో గట్టి చోటుందా లేదా అన్నది, ట్రైలర్‌కు కొత్త రంగు వేశారా లేదా అన్నదానికన్నా ముఖ్యం.

• ర్యాంపు పొడవు వించి ధరను తగ్గిస్తుంది. నాలుగడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు మీద రెండు టన్నుల ఇంజనును లాగడానికి, చక్రాల రాపిడి కాకుండానే, అర టన్ను బలం కావాలి. ర్యాంపు రెట్టింపు పొడవైతే అందులో సగం చాలు. ఒక్క విషయం మాత్రం ఏ ర్యాంపు మీదా చేయకూడదు, గేరు మార్చడం. ఈ ఇంజన్లను వాలు మీద పట్టి ఉంచేది ముఖ్యంగా గేర్లే. గేరు తప్పిందంటే ఇంజను తన దారిన తాను జారిపోతుంది.

• ఇనుప చక్రానికి ఇనుప పలక పడదు. వాన చినుకు పడితే మరీ జారుడు. అందుకే చెక్క పలక ఉన్న ట్రైలర్‌కు ఇక్కడ గిరాకీ. కొనేటప్పుడు మాత్రం పైనుంచి కాదు, కిందకు దూరి చూడాలి. చెక్క కింది నుంచే కుళ్లుతుంది.

• కట్టుదిట్టం విషయంలో బ్రిటన్ ప్రభుత్వ సూచన కచ్చితంగా ఉంటుంది: ముందుకు కదలకుండా సరుకు పూర్తి బరువుకూ, పక్కలకూ వెనక్కూ కదలకుండా సగం బరువుకూ ఆగేలా కట్టాలి. రెండు టన్నుల ఇంజనుకు ముందువైపు రెండు టన్నుల బలం. గొలుసులు ఇరుసులకూ చట్రానికీ వేస్తారు, సన్నటి కడ్డీలకూ నీటి గొట్టాలకూ వేయరు.

• 1865 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండులో ఈ ఇంజన్లు పల్లె రోడ్డు మీద గంటకు 4 మైళ్లు, ఊళ్లో 2 మైళ్లు దాటకూడదు. ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి ముందు నడవాలి. అదే ఇంజను ఇప్పుడు ట్రైలరెక్కి హైవే మీద 60 మైళ్ల వేగంతో చట్టబద్ధంగా పోతోంది, జెండా అక్కర్లేకుండా.

• సెకండ్ హ్యాండ్ ట్రైలర్ టైర్లు అరిగి కాదు, నిలబడి పాడవుతాయి. ఏడాదిలో నాలుగు పండుగలకు తిరిగి మిగతా కాలమంతా షెడ్డులో ఉంటే గాడులు కొత్తగానే కనిపిస్తాయి, పక్కలు మాత్రం పగుళ్లిస్తాయి. టైరు మీద నాలుగంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. నెలల తరబడి హ్యాండ్ బ్రేకు వేసి వదిలేసిన బండికి బ్రేకు చెక్కలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. తయారీదారు బరువు పట్టీ లేని ట్రైలర్ ఎంత చవకైనా బేరం చేయొద్దు, అదెంత మోయగలదో ఎవరికీ తెలియదు. ఇంజను మీద ఏళ్ల తరబడి డబ్బు పోసి ట్రైలర్ దగ్గర పిసినారితనం చేసేవాళ్లను చూస్తే, ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టుంటుంది.

• పది, పన్నెండు టన్నుల అసలు ఇంజనుకు కారు ట్రైలరన్న మాటే లేదు. మన దగ్గర పొక్లెయిన్లను మోసే లో బెడ్ లారీ లాంటిదే కావాలి. ఏడాదికి రెండు మూడు ప్రయాణాలకు దాన్ని కొనడం కన్నా అద్దెకు తీసుకోవడమే చవక. రైలింజన్లదీ అదే దారి. వేల్స్‌లోని బ్యారీ అనే ఊళ్లో పాత ఇనుము దుకాణానికి చేరిన 297 ఆవిరి రైలింజన్లలో 213 బతికి బయటపడ్డాయి. వాటిలో చాలా వాటిని పట్టాల మీద కాకుండా, లో బెడ్ లారీలెక్కించి రోడ్డు మీదే తీసుకెళ్లారు.