భోజన హోటలుకు జానపద శోభ

తెలుగువాళ్ళం ఏ ఊరు చేరినా మొదట వెతుక్కునేది పప్పు, పచ్చడి దొరికే చోటు. బొగ్గు గనుల పనికి వచ్చి స్థిరపడిన మన కుటుంబాలు ఎన్నో ఉన్న చంద్రపూర్‌లోనూ అంతే. కానీ ఆ హోటలు గోడల మీద కనిపించేవి ప్లాస్టిక్ పూలు, ఎక్కడివో మంచుకొండల పోస్టర్లు! చిన్న హోటలు పెట్టదలచిన మనవారు కాస్త ఆలోచిస్తే, భోజనంతో పాటు పిల్లలకు ఒక కథ కూడా వడ్డించవచ్చు.

గోడకు చేర్యాల పటం తెప్పించండి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూసి, ఎర్రని నేల మీద బొమ్మలు వేస్తారు. పూర్వం కథకులు ఊరూరా ఈ పటాలు విప్పుతూ కులపురాణాలు చెప్పేవారు. బొమ్మలు వరుసగా కథ నడుపుతాయి. కనుక ముక్కలు చేయకుండా, పిల్లల కళ్ళకు అందే ఎత్తులో ఒకే కథను వేలాడదీయాలి. పొగ, ఆవిరి తగలకుండా వంటగదికి దూరంగా, అద్దం వేసి పెట్టాలి.

1964 దాకా చాందా అని పిలిచిన ఈ ఊరు గోండు రాజుల రాజధాని. ఆ గడ్డ గౌరవం కూడా మన హోటల్లో కనబడాలి కదా! అందుకు పొరుగునున్న ఆదిలాబాద్ డోక్రా దీపాలు చక్కగా సరిపోతాయి. ఓజా కళాకారులు మైనపు తీగలతో రూపం చుట్టి, మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. గోండుల దేవతామూర్తులను చేసేదీ వీరే. గల్లాపెట్టె పక్కన నిర్మల్ పొనికికర్ర బొమ్మలు రెండు చాలు.

ఒక్క జాగ్రత్త. దండారి పండుగలో గుస్సాడీలు ధరించే నెమలి ఈకల కిరీటం గోండులకు పూజనీయం. దాన్ని అలంకారంగా తగిలించకూడదు. గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఫొటో పెడితే గౌరవంగా ఉంటుంది.

అచ్చు వేసిన నకళ్ళు చవకే, కానీ ఆ డబ్బు కళాకారుడి ఇంటికి చేరదు. ఒక్క వస్తువైనా అసలుది కొనండి. దాని కింద తెలుగులోనూ మరాఠీలోనూ కళ పేరు, తయారైన ఊరు రాయించండి. అన్నం వచ్చేలోగా మన పిల్లలు చదువుకుంటారు, పక్క బల్ల మీది మరాఠీ పిల్లలు కూడా.