సెల్టా, కూచిపూడి

లండన్లో ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైములో సెల్టా చేస్తున్నాను. ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఇంగ్లీషు నేర్పే టీచర్లకోసం కేంబ్రిడ్జి వారు పెట్టిన శిక్షణ ఇది. కనీసం 120 గంటలు. అందులో 6 గంటలు అసలు విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పాలి. నాలుగు అసైన్‌మెంట్లు అదనం. రాత్రుళ్ళు వాటికే పోతాయి. శనివారం కూచిపూడి క్లాసు మాత్రం మానను.

ఆ డాన్సే నాకు పాఠం చెప్పడంలో అక్కరకొస్తోంది. "ఫోటోగ్రాఫ్"లో మొదటి అక్షరాన్ని నొక్కాలి, "ఫటాగ్రఫర్"లో రెండోదాన్ని. మిగతావి సగం మింగెయ్యాలి. మనమేమో అన్నీ సమానంగా పలుకుతాం, వ్యాకరణం ఎంత బాగున్నా ఆఫీసులో "పార్డన్?" అనిపించుకునేది అందుకే. విద్యార్థులకు ఈ నొక్కును చప్పట్లతో చూపిస్తాను. ఆదితాళం 8 అక్షరాలు లెక్కపెట్టిన చేతికి అదేం కష్టం కాదు. అయితే సాయంత్రం అంతా తిరగబడుతుంది: "తకధిమి"లో ఒక్క అక్షరం మింగినా గురువుగారు ఊరుకోరు!