చేపముల్లు కాలువలు

కృష్ణానది సముద్రంలో కలిసే హంసలదీవి, పాలకాయతిప్ప ప్రాంతమంతా మడ అడవుల సీమ. 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యం 194.81 చదరపు కిలోమీటర్ల మేర ఈ అడవులను కాపాడుతోంది. రక్షిత అడవిలో శాస్త్రజ్ఞుడి ఎరుకనూ ఊరివాడి ఎరుకనూ ఒకచోటికి చేర్చడం ఎలాగన్నది పరిశోధక విద్యార్థులను ఆకర్షిస్తున్న అంశం. ఆ దారిలో తొలి అడుగు వేసేవారు ముందు చూడవలసింది చెట్టు మొలవని మొండినేలను.

చుట్టూ పచ్చటి మడ, నడుమ తెల్లటి బయలు. దీనికి చాలాకాలం చెప్పిన కారణం ఒకటే: ఊరివాళ్లు కట్టెలు కొట్టారు, పశువులు మేశాయి. తమిళనాడులోని పిచ్చావరంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అలాంటి నేల ఎత్తుపల్లాలు పరిశీలిస్తే అసలు దోషి వేరని తేలింది. బ్రిటిష్ కాలం నుంచి సాగిన కూపు నరకడం, అంటే అడవిని ముక్కలుగా విడదీసి వంతులవారీగా మొత్తం కొట్టేయడం. ఆ గొడ్డలి సర్కారుదే.

చెట్టు పోగానే ఎండ నేరుగా బురద మీద పడుతుంది. మట్టిలోని నీరు ఆవిరై నేల కుంగుతుంది. అంగుళాల్లోనే కావచ్చు, కానీ సముద్రమట్టాన్ని ఆనుకున్న నేలకు అంగుళమే కొండంత. కుంగినచోట పళ్లెంలాంటి గుంట పడుతుంది. పెద్ద పోటుకు ఎక్కిన నీరు పాటుకు దిగదు. అక్కడే నిలిచి ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. లీటరుకు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీటిని తట్టుకుని, ఆకుల గుండా ఉప్పును విసర్జించే తెల్లమడ కూడా చివరికి ఓడిపోతుంది. అలాంటిచోట కంచె కట్టి ఎన్ని మొక్కలు నాటినా దండగే. జబ్బు నీటిది, మందు విత్తనానికి వేస్తే ఏం లాభం?

నీటికి దారి చూపడమే మందు. వాగు నుంచి గుంటలోకి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లు. పైన వెడల్పుగా, అడుగున సన్నగా తవ్విన ఆ కాలువల్లో రోజుకు రెండుసార్లు పోటునీరు వచ్చి పోతుంది, ఉప్పును కడిగేస్తుంది. మొక్కలను కాలువల ఒడ్డున నాటుతారు. 1990ల చివరి నుంచి స్వామినాథన్ సంస్థ, అటవీశాఖ, గ్రామ సమితులు కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లోనూ ఈ పద్ధతిలోనే పనిచేశాయి.

కాలువ ఎక్కడ తవ్వాలో తేల్చడానికి నేల మట్టాన్ని పరికరం చెబుతుంది. కానీ అమావాస్యకు ఏ వాగులో నీరు ఎంత ఎక్కుతుందో, అష్టమికి ఎక్కడ ఆగిపోతుందో వల వేసేవాడికి తెలుసు. ఈ ఎరుకను జానపద విజ్ఞానం పేరుతో పరిశోధన గ్రంథం చివరి అనుబంధంలోకి నెట్టడం పాత జబ్బు. పసిఫిక్‌లోని పలావు దీవుల్లో ఆర్.ఇ. జోహానెస్ ఆ పొరపాటు చేయలేదు. ఏ చేప ఏ చంద్రదశలో గుడ్లు పెడుతుందో జాలరుల దగ్గరే నేర్చుకుని, 1981లో ఏకంగా పుస్తకం రాశాడు.

ఇక ఇలా తిరిగి పెరిగిన మడతో ప్రయోజనమంటారా, తుపాను గాలికి అడ్డు, చేపపిల్లలకు నీడ. అయితే కాలువల తవ్వకాన్ని ఫొటో తీస్తారు గానీ పూడికతీతకు కెమెరా రాదు. ప్రతి పోటూ కాస్త ఒండ్రు మోసుకొస్తుంది. పూడిక తీయకపోతే పిల్లకాలువలు మూసుకుపోతాయి, బయలు మళ్లీ తెల్లబడుతుంది.