ప్లగ్గు పీకి వినండి!

గోడ నిండా గిటార్లు. ఎర్రది, నల్లది, నీలంలోంచి మెల్లగా తెల్లరంగులోకి కరిగిపోయేది ఒకటి, ఒళ్లంతా మంటల బొమ్మ వేసింది ఇంకొకటి. పదో తరగతి పరీక్షలు అయిపోయిన కుర్రాడి చూపు ఆ మంటల దగ్గరే ఆగిపోతుంది. 'నాన్నా, ఇదే!' అంటాడు. షాపతను దాన్ని కిందికి దించుతాడు. వైరు గుచ్చి, యాంప్లిఫయర్ మీద రెండు మీటలు తిప్పి, ఓ తీగ మీటుతాడు. షాపంతా దద్దరిల్లిపోతుంది. కుర్రాడి కళ్లలో వెలుగు చూశాక నాన్న చెయ్యి జేబులోకి వెళ్లకుండా ఎలా ఉంటుంది!

ఆర్నెల్లు తిరక్కుండానే ఆ గిటారు బీరువా మీదికెక్కుతుంది. 'వీడికి దేనిమీదా నిలకడ లేదు' అంటుంది అమ్మ. అదెంతయిందో నాన్న రూపాయలతో సహా గుర్తుచేస్తాడు. కుర్రాడు తల దించుకుంటాడు. తీగ నొక్కినప్పుడల్లా వేలు ఎందుకు అంతలా కోసుకుపోయేదో, అందరూ వాయించే స్వరం తన చేతిలో మాత్రం ఎందుకు 'టక్'మని చచ్చిపోయేదో వాడికీ తెలియదు.

ఇది మన ఇళ్లలోనే జరిగే కథ కాదు. గిటార్ల తయారీలో పేరుమోసిన ఫెండర్ కంపెనీకి 2015లో సీఈవోగా వచ్చిన ఆండీ మూనీ ఒక లెక్క పదేపదే చెప్పేవారు. కొత్తగా గిటారు పట్టినవాళ్లలో 90 శాతం మంది ఏడాదిలోపే వదిలేస్తారని. అంతమందికీ ఓపిక లేదనుకోవడం కష్టమే. కొందరి విషయంలోనైనా తప్పు పిల్లాడిది కాదు, వాడి చేతికిచ్చిన గిటారుది.

ఎలక్ట్రిక్ గిటారు కొనేటప్పుడు రంగుకన్నా ముందు చూడాల్సినవి రెండు. మీటిన స్వరం ఎంతసేపు నిలుస్తుంది? తీగ వేలికి ఎలా తగులుతుంది? మొదటిదాన్ని సస్టెయిన్ అంటారు. రెండూ తేల్చుకోవాలంటే ముందు చేయాల్సిన పని ఒక్కటే... ఆ వైరు పీకేయడం!

పాలకొల్లు చెప్పిన పాఠం

సస్టెయిన్ అంటే ఏమిటో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కచేరీ ఒక్కటి విన్నా చాలు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. మీటితే 'టింగ్'మని మోగి వెంటనే ఆగిపోతుంది. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే అది సరిపోదు. తీగను పక్కకి లాగి, వదిలి, మళ్లీ లాగేదాకా నాదం బతికుండాలి కదా! శ్రీనివాస్ జతలు వదిలేసి, ఒంటి తీగలు ఐదున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. 2014లో కన్నుమూసేదాకా అదే ఆయన వాద్యం. గిటారువాళ్లు 'బెండింగ్' అనేదీ, మన వీణవాళ్లు తీగ లాగి గమకం పలికించేదీ ఇంచుమించు ఒకటే. నాదం నిలవకపోతే రెండూ లేవు.

మరి ఎలక్ట్రిక్ వాద్యంలో నాదం ఎందుకు నిలుస్తుంది? కరెంటు వల్ల అనుకుంటారు చాలామంది. అసలు కారణం చెక్క. మామూలు గిటారు పొట్ట బోలుగా ఉంటుంది, పైపలక పల్చన. తీగ ఊగితే ఆ ఊపునంతా పలక లాగేసుకుని గాలిలోకి వదులుతుంది. అందుకే పెద్దగా మోగుతుంది, త్వరగా ఆగిపోతుంది. నిండు చెక్కతో చేసిన గిటారు అంత సులువుగా కదలదు. తీగ ఊపు తీగలోనే ఉండిపోతుంది. వినపడేలా చేసే పని మాత్రం అయస్కాంతాలున్న పికప్‌లది.

అమెరికన్ వాద్యకారుడు లెస్ పాల్ దీన్ని నిరూపించిన తీరు సరదాగా ఉంటుంది. 1941 ప్రాంతంలో ఆయన నాలుగంగుళాల మందం దూలం ముక్కకి తీగలు బిగించి వాయించారు. పేరు కూడా 'లాగ్'... అంటే దుంగ! నాదం బ్రహ్మాండంగా నిలిచింది కానీ జనం పెద్దగా పట్టించుకోలేదట. అప్పుడు మామూలు గిటారు పొట్టను రెండుగా కోసి దుంగకి అటూఇటూ అతికించారు. అదే దుంగ, అవే తీగలు... ఈసారి చప్పట్లు! గిటారును జనం చెవులతోపాటు కళ్లతోనూ వింటారని ఆయన చెప్పుకునేవారు. మంటల బొమ్మ దగ్గర ఆగిపోయిన కుర్రాడిని తప్పుపట్టడానికేముంది!

చచ్చుచోట్ల వేట

వైరు పీకేశాక షాపులో చేయాల్సింది ఇదీ. ఒక తీగను ఏమీ నొక్కకుండా మీటి పూర్తిగా ఆగేదాకా వినాలి. తరవాత ఒక్కో మెట్టు మీద (వీణకి మెట్లు అంటాం, గిటారుకి ఫ్రెట్లు) వేలు నొక్కి, అంతే బలంతో మీటుతూ చివరిదాకా పోవాలి. ఆరు తీగలమీదా. షాపతను విసుక్కోవచ్చు, ఫర్వాలేదు. ఆదివారం సాయంత్రం కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళితే ఆయనకీ తీరిక, మీకూ నిశ్శబ్దం.

ఎన్ని సెకన్లు నిలవాలి అని అడిగితే అంకె చెప్పలేం. మీటే బలాన్ని బట్టి, తీగ వయసును బట్టి మారిపోతుంది. వెతకాల్సింది అంకెను కాదు, తేడాను. పైమెట్లకి వెళ్లేకొద్దీ స్వరం కాస్త తొందరగా ఆగడం మామూలే. అలా కాకుండా అటు మెట్టూ ఇటు మెట్టూ చక్కగా పలుకుతుంటే మధ్యలో ఒక్కటి మాత్రం గుటుక్కుమంటే అది చచ్చుచోటు. గిటారువాళ్ల భాషలో డెడ్ స్పాట్.

జర్మనీకి చెందిన హెల్ముట్ ఫ్లైషర్ 1990ల్లో గిటారు మెడలకి కొలతలు పెట్టి దీని గుట్టు చెప్పారు. ప్రతి మెడకీ తనంతట తాను ఊగే వేగం ఒకటుంటుంది. ఏదో ఒక స్వరం సరిగ్గా ఆ వేగంతో కలిస్తే మెడే ఊగడం మొదలుపెట్టి తీగ బలాన్ని తాగేస్తుంది.  కాబట్టి అనుమానం వచ్చిన చోట రెండుసార్లు వినాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ధర... అయినా ఒకదాంట్లో ఉండొచ్చు, పక్కదాంట్లో తెలియకపోవచ్చు. మెడ చివర బరువు బిగిస్తే ఆ చోటు పక్కకి జరుగుతుంది గానీ పూర్తిగా పోదు. అంటే ఇంటికి తెచ్చుకున్నాక బాగుచేయించుకునే జబ్బు కాదది.

యాంప్లిఫయర్ పెట్టి వింటే ఇదంతా తెలియదు. డిస్టార్షన్ మీట తిప్పితే పెద్ద శబ్దం అణుగుతుంది, చిన్నది పైకి లేస్తుంది. చచ్చిపోతున్న స్వరం కూడా బతికున్నట్టే వినపడుతుంది. షాపతను ముందు ఆ మీటే ఎందుకు తిప్పాడో ఇప్పుడర్థమైందిగా! వైరు లేకుండా విన్నాక పెట్టించుకోండి, కానీ ఏ ఎఫెక్టూ లేకుండా. మీటలు గరగరలాడుతున్నాయా, పికప్‌లన్నీ పలుకుతున్నాయా చూసుకోవడానికి. పికప్ తీగకి మరీ దగ్గరగా ఉన్నా అయస్కాంతం తీగను పట్టి లాగి నాదాన్ని మింగేస్తుంది. ఇది మాత్రం స్క్రూడ్రైవర్‌తో పోయే తప్పే.

'బరువెక్కువ సార్, అందుకే నాదం ఎక్కువ', 'మెడ అతికించింది సార్, బోల్టులది కాదు'... ఇలాంటి మాటలు చాలా వినపడతాయి. మెడ అతుకు సంగతి ఆర్.ఎం. మొట్టోలా అనే తయారీదారు పరీక్షించి, 2007లో 'అమెరికన్ లూథరీ' పత్రికలో రాశారు. తీరాచూస్తే బోల్టులదే కాస్త ఎక్కువసేపు మోగింది. అదీ వినేవాళ్ల చెవికి తెలియనంత తేడా! నాలుగు కిలోల గిటారు మోయాల్సింది పిల్లాడి భుజం కాబట్టి బరువు మాటను ఆ కోణంలో చూడటమే మంచిది. 1984లో వచ్చిన 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' సినిమాలో ఓ గిటారిస్టు అసలు మీటని గిటారు సస్టెయిన్ గురించి తన్మయంగా చెబుతాడు. షాపుల్లో కొన్ని మాటలు వింటే ఆ సీను గుర్తురాక మానదు.

వేలికే తెలుస్తుంది

తీగ తగిలే తీరు మాత్రం పక్కవాళ్లు చూసి చెప్పేది కాదు. వాయించబోయే వేలే చెప్పాలి. కొత్తలో వేలికొసలు మండటం సహజం. రోజూ వాయిస్తే కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. కానీ అక్కర్లేని నొప్పి వేరే ఉంది. అది తీగ ఎత్తుగా ఉండటం వల్ల వచ్చేది.

పన్నెండో మెట్టు దగ్గర తీగకీ మెట్టుకీ మధ్య ఖాళీ చూడండి. ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లుంటే మంచిది. అంటే రూపాయి బిళ్ల మందానికి కాస్త అటూఇటూ. తరవాత మెడ చివర, తీగలు బిరడాల వైపు దాటే చోట చిన్న పట్టీ ఉంటుంది. దాని గాళ్లు లోతు తక్కువైతే మొదటి మెట్టు దగ్గర తీగ ఇనప కడ్డీలా ఉంటుంది. కొత్తవాళ్లని ఏడిపించే ఎఫ్ కార్డ్ నొక్కాల్సింది అక్కడే! మూడో మెట్టు మీద తీగ నొక్కి మొదటి మెట్టు దగ్గర చూస్తే కాగితం పట్టేంత సందు ఉంటే చాలు. మొదటి మెట్టునూ చివరి మెట్టునూ కలిపి నొక్కితే నడిమధ్యన విజిటింగ్ కార్డు మందం సందుండాలి. అది మెడ వంపు. అసలు లేకపోతే తీగ జివ్వుమంటుంది, ఎక్కువైతే నొక్కలేం.

తీగ మందం ఇంకో సంగతి. మొదటి తీగ అంగుళంలో వెయ్యో వంతులు తొమ్మిది ఉంటే దాన్ని 'నైన్స్' అంటారు, పది ఉంటే 'టెన్స్'. వెయ్యో వంతు ఒక్కటి పెరిగితే ఏముందిలే అనిపిస్తుంది. కానీ అదే శ్రుతికి బిగువు దాదాపు 23 శాతం పెరుగుతుంది! తీగ నిడివి కూడా అంతే. ఫెండర్ తరహాలో 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహాలో సుమారు 24.75. పొడుగుదానికి 6 శాతం ఎక్కువ బిగువు కావాలి. చిన్న చేతులున్న పిల్లలకి పొట్టి నిడివి, సన్న తీగ సుఖం.

సన్న తీగ వాడటం చిన్నతనమేమీ కాదు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ 1965లో ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నారు. కరిగించిన ప్లాస్టిక్‌తో వేళ్లకి తొడుగులు చేసుకుని, దొరికినంత సన్నతీగలు కట్టుకుని, తరవాత్తరవాత శ్రుతి కూడా దించి వాయించారు. హెవీ మెటల్ సంగీతానికి ఆద్యుల్లో ఆయనొకరు.

షాపులో గిటారుకున్న తీగలు నెలల తరబడి అలాగే వేలాడి ఉంటాయని మర్చిపోకూడదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో అయితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. తుప్పు తీగ గరుగ్గా తగులుతుంది, నాదం కూడా మందగిస్తుంది. అలాంటి తీగలతో గిటారును వెళ్లగొట్టడం అన్యాయం, మెచ్చుకోవడం ప్రమాదం. కొన్ని వందలు పెడితే కొత్త సెట్టు వస్తుంది. 'ముందు తీగలు మార్చండి, నచ్చితే తీసుకుంటాం, నచ్చకపోయినా తీగల డబ్బు ఇచ్చేస్తాం' అంటే కాదనే షాపతను అరుదు.

ఎత్తు, వంపు, పట్టీ గాళ్లు, పికప్ దూరం... ఇవన్నీ తెలిసిన మెకానిక్ ఒక పూటలో సర్దేస్తాడు. కాబట్టి తీగ ఎత్తుగా ఉన్నంత మాత్రాన మంచి గిటారును వదులుకోవద్దు. ఒప్పుకోకూడనివి వేరే ఉన్నాయి. మెలి తిరిగిన మెడ, మళ్లీమళ్లీ విన్నా పలకని చచ్చుచోటు, అరచేతికి ఇమడని మెడ లావు. మెట్ల అంచులు చేతిని గీరుతున్నాయేమో మెడ వెంబడి ఓసారి చెయ్యి జార్చి చూసుకోండి. పన్నెండో మెట్టు దాటాక సన్నతీగను పైకి లాగితే గొంతు నొక్కినట్టు ఆగిపోకూడదు.

ఆన్‌లైన్‌లో కొంటే ఇవేవీ ముందు కుదరవు. పెట్టె వచ్చిన రోజే, వెనక్కి పంపే గడువు ఉండగానే ఈ పరీక్షలన్నీ ఇంట్లో చేసుకోవాలి. వారం తరవాత మావయ్య వచ్చి చూస్తాడులే అని పెట్టె అలా ఉంచేస్తే గడువు పోతుంది.

మరి మంటల బొమ్మ గిటారు సంగతో? వైరు పీకి ఆరు తీగలూ వినండి, పిల్లాడినే నొక్కి చూడమనండి. నెగ్గిందంటే అదే కొనేయండి. బడినుంచి రాగానే చేతిలోకి తీసుకోవాలనిపించే గిటారు కూడా కావాలి కదా!